చేతికి ఒడుపు, కాలికి నిలకడ: బడి వయసు పిల్లల మోటార్ స్కిల్స్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లలకు ఆటలు నేర్పే పనిలో ఉన్నాను కాబట్టి తల్లిదండ్రులు ఏటా నన్ను దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతారు. పిల్లలు మారతారు, అడిగేవాళ్ల టెన్షన్ మాత్రం మారదు. ప్రతిసారీ సగం సగం చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసి పెట్టాను. వయసుల వారీగా ఉన్నాయి, మీకు కావలసింది చదువుకుని మిగతాది వదిలేయొచ్చు. వైద్యం నా పని కాదు. ఎవరిని డాక్టర్ దగ్గరికి పంపాలో మాత్రం నాలాంటివాళ్లకు తెలిసుండాలి కాబట్టి అంతవరకు రాశాను.

## ఏ వయసువాళ్లయినా ముందు అడిగేవి

మోటార్ స్కిల్స్ అంటే ఆటలేనా?

కాదు, ఒళ్లు కదిపి చేసే ప్రతి పనీ అందులోకే వస్తుంది. పరిగెత్తడం, దూకడం, బంతి విసరడం, ఒంటికాలి మీద నిలబడడం గ్రాస్ మోటార్. గుండీలు పెట్టుకోవడం, కత్తిరించడం, రాయడం లాంటి వేళ్ల పనులు ఫైన్ మోటార్. పుస్తకాల్లో వీటిని వేరుచేసి చెప్తారు గానీ ఒంట్లో అవి కలిసే ఉంటాయి. నడుము నిలబడక బల్ల మీద వాలిపోయే పిల్లవాడికి భుజం కుదురుగా ఉండదు. భుజం కుదరకపోతే వేళ్ల మధ్య పెన్సిలూ కుదరదు.

వయసొస్తే అన్నీ వాటంతట అవే రావా?

నడక వస్తుంది, బంతి విసరడం రాదు. కుడిచేత్తో విసిరేటప్పుడు ఎడమకాలు ముందుకు వేయాలి, నడుము తిరగాలి, చేయి చివర్లో రావాలి. ఈ వరుస ఎవరో ఒకరు చూపించి, చాలాసార్లు చేయిస్తేనే పడుతుంది. నిలబడ్డచోటి నుంచి చేయి మాత్రమే ఊపి విసిరే పెద్దవాళ్లు ఎంతమంది లేరు? వాళ్లకి వయసు రాకనా! ఎదిగే నరాలు, కండరాలు అవకాశం ఇస్తాయి. దాన్ని ఒడుపుగా మార్చేది సాధన.

పక్కింటి పాప అన్నీ చేసేస్తోంది. మావాడు వెనకబడినట్టేనా?

ముందు ఇద్దరి పుట్టినరోజులు చూడండి. ఒకే క్లాసులో ఉన్న పిల్లల మధ్య దాదాపు ఏడాది తేడా ఉండొచ్చు. ఆరేళ్లవాడికి ఏడాదంటే బతికినదాంట్లో ఆరో వంతు. పోల్చాలనిపిస్తే మూడు నెలల కిందటి మీవాడితో పోల్చండి. అప్పుడు రానిది ఏదైనా ఇప్పుడు వచ్చిందా? వస్తుంటే కంగారు పడక్కర్లేదు. ఏడాది గడిచినా ఉన్నచోటే ఉన్నా, వచ్చినవి పోతున్నా, అప్పుడు ఆలోచించాలి.

రోజుకు ఎంతసేపు ఆడించాలి?

5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు సగటున రోజుకు 60 నిమిషాలు ఊపిరి వేగం పెరిగేంత కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. వారంలో కనీసం 3 రోజులు కండరాలకు, ఎముకలకు బలాన్నిచ్చే గెంతులు, ఎక్కడాలు, గట్టి పరుగులు ఉండాలి. ఆ గంటా ఒకేసారి దొరకక్కర్లేదు, ముక్కలుగా అయినా పర్వాలేదు. అయితే ఇది ఆరోగ్యం లెక్క. రోజూ గంట పరిగెత్తినా చేతికి క్యాచ్ రాదు, దాని సాధన దానికే ఉండాలి.

## బడిలో చేరిన కొత్తలో: 5, 6 ఏళ్లు

ఈ వయసుకు ఏమేం వచ్చి ఉండాలి?

ఒక్కో పిల్లవాడూ ఒక్కోలా ఉంటాడు కాబట్టి ఇవి ఉజ్జాయింపు గుర్తులే. ఐదేళ్లకు చాలామంది ఒంటికాలి మీద గెంతగలరు, కొన్ని గుండీలు పెట్టుకోగలరు. గీత వెంట కత్తెర నడపడం ఈ ఏళ్లలోనే మెరుగవుతుంది. చూసి చతురస్రం గీయడం ఐదేళ్ల ప్రాంతంలో, త్రిభుజం ఆ వెంటనే వస్తాయి. డైమండ్ ఆకారం మాత్రం ఏడేళ్ల దాకా వంకరగానే రావొచ్చు. ఏటవాలు గీత కలపడం కంటికీ చేతికీ కష్టమైన పని. ఐదేళ్ల పాప గీసిన డైమండ్ గాలిపోయిన బుడగలా ఉంటే నవ్వుకోండి, దిగులు పడకండి.

పెన్సిల్ తప్పుగా పట్టుకుంటున్నాడు. పట్టు మార్చాలా?

అన్ని వింత పట్టులూ తప్పు కావు. బొటనవేలు, చూపుడువేలితో పట్టి మధ్యవేలి మీద ఆనించేదాన్ని మంచి పట్టుగా చూపిస్తారు. నాలుగు వేళ్లతో పట్టేవాళ్లూ, బొటనవేలు పెన్సిల్ మీదుగా అడ్డంగా వేసేవాళ్లూ ఉన్నారు. నాలుగో తరగతి పిల్లల్లో ఇలాంటి పట్టులను పోల్చి చూసిన పరిశోధనలో రాత వేగంలో గానీ, అక్షరం స్పష్టతలో గానీ చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. కాబట్టి మూడు విషయాలు చూడండి: వేళ్లు కదులుతున్నాయా, నొప్పి ఉందా, అక్షరం చదవగలుగుతున్నామా. మూడూ బాగుంటే పట్టు జోలికి పోకండి.

పిడికిలితో పట్టి చేయంతా ఊపుతుంటే మాత్రం మార్చాలి. దానికి నాకు తెలిసిన సులువైన ఉపాయం వేలెడంత పెన్సిల్ ముక్క. పిడికిలి పట్టేంత చోటు దాని మీద ఉండదు, వేళ్లే ముందుకు రాక తప్పదు. మనం పారేసే ముక్కలే దీనికి పనికొస్తాయి. గోడకు అంటించిన కాగితం మీద నిలబడి బొమ్మలు వేయించడం కూడా మంచిదే, మణికట్టు దానంతటదే వెనక్కి వంగి సరైన తీరుకు వస్తుంది.

మా పాప పుర్రచేత్తో రాస్తోంది. ఇప్పుడే మాన్పిస్తే మంచిదా?

మాన్పించకండి. ప్రతి పదిమందిలో దాదాపు ఒకరిది ఎడమచేతి వాటం, అది లోపం కాదు. మార్చాల్సింది కాగితాన్ని. దాన్ని ఒంటికి కాస్త ఎడమపక్కన పెట్టి, పై అంచు కుడివైపు వాలేలా తిప్పండి. పెన్సిల్ మొన నుంచి కాస్త పైకి పట్టుకోమనండి, రాసింది చేతి కింద దాగదు. ఎడమచేతి కత్తెర వేరేగా దొరుకుతుంది. మామూలు కత్తెర ఎడమచేత్తో పడితే రేకులు విడిపోయి కాగితం నలుగుతుంది, తెగదు. పాపకు కత్తిరించడం రావట్లేదనుకునే ముందు ఆ కత్తెర చూడండి. ఇక బెంచీలో ఎడమ చివర కూర్చోబెడితే పక్కవాళ్ల మోచేయి తగలదు.

ఏ చేయి వాడాలో ఇంకా తేల్చుకోలేదు. ఫర్వాలేదా?

చాలామందికి 4 నుంచి 6 ఏళ్ల మధ్య తేలుతుంది, కొందరికి ఇంకొంచెం ఆలస్యం. వస్తువు ఒంటికి ఎదురుగా సరిగ్గా మధ్యలో పెట్టి, ఏ చేయి ముందు వస్తుందో కొన్ని రోజులు గమనించండి. మీరు మాత్రం నిర్ణయించకండి. ఏడేళ్లు దాటాక కూడా రాస్తూ రాస్తూ మధ్యలో చేయి మారుస్తుంటే, రెండు చేతులతోనూ పనులు తెమలకపోతే ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌కు, అంటే రోజువారీ పనుల్లో ఒడుపు నేర్పే నిపుణులకు, చూపించడం మేలు.

షూ లేసు ఎన్నిసార్లు చూపించినా రావడం లేదు.

చూపించేది మొదటి నుంచి కదా? చివరి నుంచి చూపించండి. మా అమ్మాయికి ఆరేళ్లప్పుడు నెల రోజులు ముందు నుంచే నేర్పి ఇద్దరం విసిగిపోయాం. రెండో ఉచ్చు దూర్చే సమయానికి మొదటి ఉచ్చు పట్టుకున్న బొటనవేలు సడలేది, అంతా ఊడిపోయేది, షూ విసిరికొట్టేది. తర్వాత ముడి అంతా నేనే వేసి, రెండు ఉచ్చులు లాగి బిగించే ఆఖరి పని మాత్రం తనకు వదిలాను. లాగింది, ముడి పడింది, తానే కట్టినంత సంబరం. అది వచ్చాక ఉచ్చు దూర్చడం, ఆ తర్వాత చుట్టడం, అలా ఒక్కొక్క మెట్టూ వెనక్కి వచ్చాం. ప్రతి ప్రయత్నమూ ముడి పడడంతోనే ముగిసింది కాబట్టి విసుగు రాలేదు.

చిన్న చిట్కాలు రెండున్నాయి. రెండు రంగుల లేసులు వేస్తే ఏది ఎటు పోతోందో కంటికి తెలుస్తుంది. మీరు ఎదురుగా కాకుండా పక్కన కూర్చోండి, ఎదురుగా ఉంటే మీ కుడి తనకు ఎడమవుతుంది. 6, 7 ఏళ్లకు రావడం మామూలే, అంతకంటే ముందు రాలేదని తిట్టకండి.

కత్తెర ఇవ్వాలంటే భయంగా ఉంది.

మొన గుండ్రంగా ఉన్నది ఇచ్చి, పక్కన కూర్చోండి. పలచని కాగితం కంటే అట్టలాంటి మందపు కాగితం మొదట్లో తేలిక, వంగిపోదు. బొటనవేలు పైకి చూస్తూ ఉండాలి.

## 7, 8 ఏళ్లు

బంతి వస్తుంటే కళ్లు మూసుకుని మొహం తిప్పేస్తుంది. క్యాచ్ ఎలా నేర్పాలి?

అది భయం, ఒళ్లు తనను కాపాడుకునే తీరు. "కళ్లు తెరువు" అని అరిస్తే పోదు. బంతి మార్చాలి. ఊదిన బుడగతో మొదలుపెట్టండి. అది మెల్లగా దిగుతుంది, చూడడానికి, చేతులు పెట్టడానికి వ్యవధి ఉంటుంది, తగిలినా నొప్పి లేదు. తర్వాత పెద్ద మెత్తటి బంతి, నేల మీద ఒకసారి ఎగిరి వచ్చేలా. ఆ తర్వాత నేరుగా, దగ్గర నుంచి. చిన్న బంతి అన్నింటికంటే చివర. బంతి మీద స్కెచ్ పెన్‌తో ఒక అంకె రాసి "ఏం రాసుందో చెప్పు" అనండి. చదవాలంటే చూడాలి, చూస్తే చేతులు వాటంతట అవే ముందుకొస్తాయి. దీనితో కళ్లు మూసుకోవడం మానేసినవాళ్లను చాలామందిని చూశాను.

వీటన్నిటికంటే ముందు కంటి పరీక్ష చేయించండి. సరిగ్గా కనపడని బంతిని ఎవరూ పట్టలేరు.

సైకిల్‌కు పక్క చక్రాలు తీస్తే పడిపోతున్నాడు.

పక్క చక్రాలు తొక్కడం నేర్పుతాయి, నిలబెట్టడం నేర్పవు. కష్టం నిలబెట్టడంలోనే ఉంది. కాబట్టి వాటితోపాటు పెడళ్లు కూడా విప్పేయండి. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది, మామూలు వైపు తిప్పితే ఇంకా బిగుస్తుంది. సీటు బాగా దించి రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనేలా చూడండి. ఇక కాళ్లతో తన్నుకుంటూ పొమ్మనండి, హెల్మెట్‌తో. మొదట నడకలా ఉంటుంది, తర్వాత పెద్ద పెద్ద అంగలు, ఒకరోజు రెండు కాళ్లూ ఎత్తేసి జారుతూ పోతాడు. కాళ్లెత్తి నాలుగైదు అంకెలు లెక్కపెట్టేంత దూరం పోగలిగితే పెడళ్లు బిగించొచ్చు. వెనక సీటు పట్టుకుని పరిగెత్తే నాన్నలకు నడుము నొప్పి కూడా తప్పుతుంది.

చేతిరాత కోడి కెలికినట్టు ఉంది. రోజూ పది పేజీలు రాయించమంటారా?

వద్దు. అలసిన చేయి తప్పునే పదిసార్లు సాధన చేస్తుంది. రోజూ పది నిమిషాలు, నాలుగైదు లైన్లు శ్రద్ధగా రాస్తే చాలు. ఆదివారం కూర్చోబెట్టి గంటసేపు రాయించడం కంటే ఇదే ఎక్కువ పని చేస్తుంది. నేర్చుకున్న కదలిక నిద్రలోనూ కుదురుకుంటుంది కాబట్టి సాధనను రోజులకు పంచడమే లాభం.

ముందు కూర్చునే తీరు చూడండి. పాదాలు గాల్లో వేలాడుతుంటే కింద పీటో పెట్టెనో పెట్టండి. బల్ల మోచేతి ఎత్తుకు ఉండాలి. రెండో చేయి కాగితాన్ని పట్టుకోవాలి, తల కింద కాదు. తర్వాత అక్షరం ఎక్కడ మొదలై ఎటు తిరుగుతోందో పక్కన కూర్చుని గమనించండి. పూర్తయిన పేజీలో అది కనపడదు. కింది నుంచి పైకి రాసే పిల్లవాడు ఎంత రాసినా వేగం పెరగదు.

గట్టిగా నొక్కి రాసి చేయి నొప్పంటుంటే, మర పెన్సిల్ ఇచ్చి లెడ్ విరగకుండా ఒక లైను రాయమనండి. ఎంత బలం చాలో వేళ్లకే తెలిసొస్తుంది.

"మోచేయి ఎత్తు, మణికట్టు తిప్పు" అని ఎంత చెప్పినా బిగుసుకుపోతున్నాడు.

అన్ని చెప్పడం వల్లే. తన ఒళ్లు తానే గమనించుకుంటూ చేస్తే కదలిక బిగుసుకుంటుంది. గమనాన్ని బయటికి మళ్లించండి. "మోచేయి ఎత్తు" అనే బదులు "ఆ గోడ మీది గుర్తుకు తగిలి దబ్‌మని చప్పుడు రావాలి" అనండి. "మోకాళ్లు వంచు" బదులు "పిల్లిలా చప్పుడు లేకుండా దిగు" అనండి. ఒకసారికి ఒక్క మాటే. కోచింగ్‌లో నేను ఆలస్యంగా నేర్చుకున్నది ఇదే. మొదటి రోజుల్లో నా నోటికి విరామం ఉండేది కాదు.

## 9 నుంచి 11 ఏళ్లు

ఎలాగూ టైపింగ్ వస్తుంది కదా, చేతిరాతతో కుస్తీ ఎందుకు?

చిన్న వయసులో చేత్తో అక్షరం గీయడం ఆ అక్షరాన్ని గుర్తుపట్టడానికి కూడా సాయపడుతుంది. అందుకని మొదటి ఏళ్లలో రాతను వదలొద్దు. పదేళ్లకు కూడా రాయడానికే శక్తంతా ఖర్చయి, చెప్పాలనుకున్నది కాగితం మీదికి రాకపోతే టైపింగ్ నేర్పండి. అది ఓటమి కాదు. అయితే దానికీ సాధన కావాలి, ఫోన్ మీద బొటనవేళ్లు వేగంగా ఆడితే కీబోర్డు వచ్చినట్టు కాదు.

బాగా ఆడుతున్నాడు. ఇప్పుడే ఒకే ఆటలో పెట్టేద్దామా?

తొందరపడకండి. చాలా ఆటల్లో 15, 16 ఏళ్ల వరకు ఒకే ఆటకు కట్టేయడం వాయిదా వేయమని అమెరికాలోని పిల్లల డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 2016లో సూచించింది. వారానికి ఒకటి రెండు రోజులు ఆ ఆటకు సెలవివ్వాలని కూడా చెప్పింది. ఒకే కదలిక వేలసార్లు పడితే ఎదిగే ఎముకల చివర్లు దెబ్బతినొచ్చు. పైగా రకరకాల ఆటలు ఆడినవాడికి కాలు, కన్ను, చేయి అన్నీ పదునెక్కుతాయి. కప్పులు ఆలస్యంగా వచ్చినా నష్టం లేదు.

అమ్మాయిలకు బంతాట సహజంగానే రాదంటారు, నిజమేనా?

సగటున విసరడంలో అబ్బాయిలు, బ్యాలెన్స్‌లోనూ వేళ్ల పనుల్లోనూ అమ్మాయిలు కాస్త ముందుంటారు. కానీ యుక్తవయసుకు ముందు ఇద్దరి ఒంటి బలంలో తేడా తక్కువ. ఎవరి చేతికి చిన్నప్పటి నుంచి బంతి ఎన్నిసార్లు అందిందన్నదానికి పెద్ద వాటా ఉంది. మీ అమ్మాయి చేతికి బంతి ఇచ్చాక మాట్లాడుకుందాం.

ఆటలంటేనే పారిపోతున్నాడు. బలవంతంగా పంపాలా?

రాదు కాబట్టి పోడు, పోడు కాబట్టి సాధన ఉండదు, సాధన లేక ఇంకా రాదు. తొమ్మిదేళ్లకు పిల్లలు తమను పక్కవాళ్లతో కచ్చితంగా పోల్చుకోగలరు, అందుకే ఈ చక్రం ఈ వయసులోనే గట్టిగా తిరుగుతుంది. ఒకప్పుడు నేనూ ఇద్దరు కెప్టెన్లను నిలబెట్టి టీమ్‌లు ఎంచుకోమనేవాణ్ని. ప్రతిసారీ చివరన మిగిలే పిల్లవాడు షూ లేసు విప్పి మళ్లీ కట్టుకుంటూ కూర్చునేవాడు. లేసు ఊడలేదని చాలా రోజులకు గానీ నాకు తట్టలేదు. ఇప్పుడు చీటీలు వేస్తాను.

బంతి వేగాన్ని బట్టి మనం కదలాల్సిన ఆటలు ఇలాంటి పిల్లలకు కష్టం. ఈత, సైకిల్, గోడలు ఎక్కడం, పరుగు లాంటివాటిలో తన వేగం తన చేతిలో ఉంటుంది. వాటితో మొదలుపెట్టించండి. జనం ముందు కాకుండా, ఇంట్లో ఒకరితోనే ముందు సాధన చేయించినా భయం తగ్గుతుంది.

## 12 దాటాక

ఇన్నాళ్లూ బాగా ఆడినవాడు ఇప్పుడు తడబడుతున్నాడు. ఏమైంది?

చాలావరకు పొడవు పెరుగుతున్నాడు. ఎదుగుదల జోరు సగటున అమ్మాయిల్లో 12 ఏళ్ల దగ్గర, అబ్బాయిల్లో 14 దగ్గర పతాక స్థాయికి చేరుతుంది. కాళ్లు చేతులు ముందు సాగుతాయి, నడుము తర్వాత. నిన్నటి కాలి పొడవుకు అలవాటైన అంచనా ఇవాళ తప్పుతుంది. కొన్ని నెలల్లో సర్దుకుంటుంది. ఈలోగా టీమ్ నుంచి తీసేయకండి, వేగం తగ్గించి పాత కదలికలు మళ్లీ చేయించండి. మోకాలి కింద, మడమలో నొప్పి వస్తుంటే "ఎదుగుదల నొప్పులే" అని ఆడించకుండా డాక్టర్‌కు చూపించండి.

పన్నెండు దాటింది. ఇక ఈత, సైకిల్ నేర్చుకోలేదా?

నిక్షేపంగా నేర్చుకుంటుంది, పెద్దవాళ్లే నేర్చుకుంటున్నారు. అడ్డం సిగ్గే, కాబట్టి చిన్నపిల్లల బ్యాచ్‌లో వేయకండి.

## ఇది మామూలు కాదేమోనన్న అనుమానం వచ్చినప్పుడు

మామూలు తడబాటా, ఏదైనా సమస్యా? ఎలా తెలుస్తుంది?

డెవలప్‌మెంటల్ కోఆర్డినేషన్ డిజార్డర్ అనే ఇబ్బంది ఒకటుంది, డిస్‌ప్రాక్సియా అని కూడా అంటారు. 2013లో వచ్చిన డీఎస్‌ఎం-5 (అమెరికా మానసిక వైద్యుల సంఘం వేసిన నిర్ధారణ పుస్తకం) ప్రకారం 5 నుంచి 11 ఏళ్ల పిల్లల్లో 5 నుంచి 6 శాతం మందికి ఉంటుంది. అంటే 30 మంది ఉన్న క్లాసులో ఒకరో ఇద్దరో. తెలివికి సంబంధించింది కాదు, బద్ధకమూ కాదు. వయసుకు తగ్గ ఒడుపు చిన్నప్పటి నుంచీ రాకపోవడం, దానివల్ల బట్టలు వేసుకోవడం, తినడం, రాయడం, ఆడుకోవడం లాంటి రోజువారీ పనులకు అడ్డు రావడం, చూపు గానీ నరాల జబ్బు గానీ కారణం కాకపోవడం దీని గుర్తులు. నెలలు బాగా తక్కువగా పుట్టిన పిల్లల్లో ఎక్కువ కనిపిస్తుంది, ఏకాగ్రత, నిలకడ కుదరని ఏడీహెచ్‌డీ అనే సమస్యతో కలిసి కూడా తరచుగా ఉంటుంది. ఐదేళ్లలోపు సాధారణంగా నిర్ధారించరు.

ఏవి కనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి?

వచ్చిన పనులు మళ్లీ పోతుంటే. ఒంటికి ఒకపక్క మాత్రమే బలహీనంగా ఉంటే. నేల మీద నుంచి లేవడానికి చేతులు తొడల మీద పెట్టి పాకినట్టు పైకి లేస్తుంటే, ఇది కండరాల జబ్బుకు సూచన కావొచ్చు. ఎప్పుడూ మునివేళ్ల మీదే నడుస్తుంటే. ఉన్నట్టుండి నడక తూలడం మొదలై, ఉదయం పూట తలనొప్పి, వాంతులు కూడా ఉంటే అదే రోజు చూపించాలి, రేపటిదాకా ఆగొద్దు.

ఎవరికి చూపించాలి? ఏం పరీక్షలు చేస్తారు?

మొదట పిల్లల డాక్టర్‌కు. కంటి చూపు, కండరాలు, నరాలు పరీక్షించి, అవసరమైతే ఆక్యుపేషనల్ థెరపిస్ట్ దగ్గరికో ఫిజియోథెరపిస్ట్ దగ్గరికో పంపుతారు. వాళ్లు వేళ్ల పనులు, గురి చూసి విసరడం, పట్టడం, బ్యాలెన్స్ చేయించి అదే వయసు పిల్లలతో పోల్చి చూస్తారు. సూదులేమీ ఉండవు, పిల్లలకు ఆటలాగే ఉంటుంది. వెళ్లేటప్పుడు నోట్‌బుక్కులు, లేసు కట్టుకుంటున్న చిన్న వీడియో పట్టుకెళ్లండి. క్లినిక్‌లో ఆ పది నిమిషాలు ఎందుకో అందరూ బాగా చేస్తారు.

థెరపీలో ఏం చేయిస్తారు? ఎదిగితే అదే పోదా?

చాలామందిలో దానంతటది పోదు, యుక్తవయసులోనూ కొనసాగుతుంది. రానిది ఏ పనో ఆ పనినే ముక్కలు చేసి నేర్పే పద్ధతులు బాగా పనిచేస్తాయి. కెనడాలో రూపుదిద్దుకున్న కో-ఆప్ పద్ధతిలో పిల్లవాడే లక్ష్యం పెట్టుకుంటాడు, ఎలా చేయాలో ఆలోచిస్తాడు, చేస్తాడు, కుదిరిందా అని చూసుకుంటాడు. మీరు కోరుకున్నది అందమైన చేతిరాత, వాడు కోరుకున్నది సైకిల్ అయితే సైకిల్‌తోనే మొదలుపెట్టనివ్వండి.

బడిలో ఏం అడగొచ్చు?

రాత పరీక్షకు అదనపు సమయం. బోర్డు మీది నోట్సంతా ఎక్కించుకునే బదులు కాపీ ఇవ్వడం. లెక్కలకు గళ్ల కాగితం, అంకెలు వరుస తప్పవు. ఆటల పీరియడ్‌కు బట్టలు మార్చుకోవడానికి ఐదు నిమిషాలు ముందు వదలడం. మార్కులు రాత శుభ్రతకు కాకుండా విషయానికి ఇవ్వడం. ఇవి నోటిమాటగా కాకుండా ఒక పేజీలో రాసి ఇవ్వండి. కొత్త క్లాసుకు వెళ్లిన ప్రతి ఏడాదీ ఆ పేజీ మళ్లీ ఇవ్వాలి, పాత టీచరు కొత్త టీచరుకు చెప్తారని ఊరుకోకండి.